పగలగొట్టుకోవడానికి ఒక్క గోడైనా ఇవ్వండి

ప్రభుత్వ ఇళ్లకు, బడులకు, కమ్యూనిటీ హాళ్లకు నమూనా ప్లాన్లు గీసే ఇంజినీర్లకు, ఆర్కిటెక్టులకు, వాటి మీద సంతకం పెట్టే పెద్దలకు, రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లకూ కలిపి రాస్తున్న బహిరంగ లేఖ.

నమస్తే.

నేనూ మీలాగే గీతలు గీసి బతికేవాణ్ణి. ఆర్కిటెక్టునని బోర్డు పెట్టుకుని ఇరవై రెండేళ్లయింది. కాబట్టి ఇది గట్టు మీద కూర్చుని వేసే రాయి అనుకోకండి, ఇందులో నా తప్పులూ ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను.

పోయిన వేసవిలో ఒక కాలనీకి వెళ్లాను. ఏ ఊరో, ఏ పథకమో చెప్పను. చెబితే ఈ ఉత్తరం ఆ ఒక్క కాలనీ గురించి అయిపోతుంది, ఎవరో ఒక అసిస్టెంట్ ఇంజినీరుకి మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారు. మా ఆఫీసు సందు చివర ఆటో పెట్టుకునే అబ్బాయి పిలిస్తే వెళ్లాను. వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఎవరో పుణ్యాత్ములు చక్రాల కుర్చీ కొనిచ్చారు. ఆ కుర్చీ హాల్లో బాగానే తిరుగుతుంది, బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. టేపు పెట్టి చూశాను. ప్లాన్‌లో తలుపు రెండున్నర అడుగులు. చట్రానికి రెండు పక్కలా పోగా మిగిలింది 24 అంగుళాలు. కుర్చీ 26.

"ఇటుపక్క గోడ ఓ జానెడు కోయిస్తే సరిపోదా సారూ?" అంది వాళ్లమ్మ. నేను వెళ్లేసరికే మేస్త్రిని పిలిపించి ఆ ప్రయత్నం కూడా చేశారు. నాలుగు సుత్తి దెబ్బలు పడ్డాయో లేదో పైఇంటివాళ్లు పరిగెత్తుకుంటూ దిగి వచ్చి గొడవ పెట్టుకున్నారట. వాళ్లది తప్పు అనలేం, ఎందుకంటే అది ఇటుక గోడ కాదు, లోపల ఇనుప ఊచలున్న కాంక్రీటు గోడ, పై మూడు అంతస్తుల బరువు దాని మీదే కూర్చుని ఉంది. నేను కూడా కోయొద్దనే చెప్పి వచ్చాను. ఆ పెద్దాయనకి ఇప్పుడు స్నానం వంటగది వెనకాల గిన్నెలు తోముకునే చోట, దండేనికి పాత చీర అడ్డం కట్టి. ఆ ఇంట్లో అవసరానికి తగ్గట్టు మారగలిగిన వస్తువు ఆ చీర ఒక్కటే.

ఆ రోజు నుంచి ఇది రాయాలని.

షేర్‌వాల్ పద్ధతిని, అంటే ఇటుక లేకుండా గోడలన్నీ కాంక్రీటుతోనే పోసే పద్ధతిని, తిట్టడానికి రాయడం లేదు. అల్యూమినియం షట్టరింగ్ బిగించి, గోడలూ స్లాబూ ఒకేసారి పోసేసి, కొద్ది రోజుల్లో ఊడదీసి పై అంతస్తుకి ఎక్కించే ఆ పనిలో వేగం ఉంది, ప్లాస్టరింగ్ ఖర్చు కలిసొస్తుంది, గాలివానకీ భూకంపానికీ గట్టిది. వేల ఇళ్లు ఒకేచోట కట్టాలంటే మీకు అదే తేలిక, ఒప్పుకుంటాను. కానీ దానికి ఒక గుణం ఉంది, మనం దాని గురించి లబ్ధిదారుకి ఎప్పుడూ చెప్పం. పోసిన రోజు ఎలా ఉందో పడగొట్టే రోజు దాకా అలాగే ఉంటుంది. స్విచ్చి బోర్డు పక్కకి జరపాలన్నా కష్టమే, పైపులు గోడలోనే పోసేశాం. మేకు కొట్టాలంటే డ్రిల్లింగ్ మిషను కావాలి. పెద్ద ఇల్లయితే సర్దుకోవచ్చు. ఆంధ్రలో పట్టణ పేదలకి కట్టిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులు. తెలంగాణలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560. ఇంత చిన్న ఇంట్లో ఒక్క గోడ జరగకపోతే మనుషులే జరగాలి.

మనం ఇల్లు గీసేది తాళాలు చేతికిచ్చే రోజు కోసం. ఫొటోలో భార్యాభర్తా, ఇద్దరు పిల్లలు, వెనకాల మామిడి తోరణం. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్లు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మన డ్రాయింగులో ఎక్కడా ఉండదు. కూతురు పురుటికొస్తుంది, మూడు నెలలు ఒక గది ఆమెదీ పసిబిడ్డదీ. కొడుక్కి పెళ్లవుతుంది. ఊళ్లో ఒంటరిగా ఉన్న అత్తగారు వచ్చి చేరుతుంది. ఆవిడ పోయాక ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుంటారు, లేదంటే ముందు గదిలో కర్రీ పాయింటు పెడతారు, పదో తరగతి పిల్ల అర్ధరాత్రి దాకా లైటు వేసుకుని చదువుకోవడానికి ఏదో ఒక మూల అడుగుతుంది. ఇవన్నీ ప్రతి ఇంట్లో జరిగేవే, మన ఇళ్లలోనూ జరిగాయి, అయినా ప్లాన్ మీద "బెడ్‌రూమ్ 10×9" అని రాసేసి అక్కడితో దాని జాతకం రాసేసినట్టు వదిలేస్తాం.

మా తాతగారి ఇంట్లో గదులకి ఇలా పనిని బట్టి పేర్లుండేవి కావు. పడమటిల్లు, తూర్పు గది, నడవ, వసారా, పంచ. అంటే ఎక్కడుందో చెబుతారు, ఎందుకుందో చెప్పరు. తూర్పు గది కొన్నాళ్లు ధాన్యానికి, కొన్నాళ్లు పురిటికి, మా మేనత్త పెళ్లప్పుడు విడిదికి. మధ్యలో మండువా, వాన పడితే నీళ్లు, ఎండ కాస్తే వడియాలు, రాత్రయితే మంచాలు. (ఆ పాత ఇళ్లని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. అదే వసారాలో నెలకి మూడు రోజులు ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టేవాళ్లు, వీధి అరుగు దాటి ఎవరు లోపలికి రాకూడదో అందరికీ తెలుసు. ఇల్లు మారగలదు గానీ అందులోని మనుషులు మారనిచ్చేవాళ్లు కాదు.) ఇక మనకి తెలిసిన వాటిలో అన్నిటికన్నా తేలిగ్గా మారే కట్టడం తాటాకు పందిరి. నాలుగు గుంజలు, వెదురు, తాటాకు. మే నెలలో చలివేంద్రం, మాఘంలో పెళ్లి, అవి కాగానే విప్పితే ఆకు పొయ్యిలోకి, గుంజలు పక్క ఊరి పెళ్లికి. మన మేస్త్రీలకి, మన ఆడవాళ్లకి ఈ విద్య రక్తంలో ఉంది. డిగ్రీలు చదివొచ్చిన మనమే మర్చిపోయాం.

పేదవాళ్ల ఇల్లు పెరిగేలా, మారేలా కట్టడం కొత్త విషయం కూడా కాదు. ఇండోర్‌లో ఆర్కిటెక్టు బి.వి. దోషి 1980లలో ఆరణ్య కాలనీ వేశారు, సుమారు 6,500 ప్లాట్లు. అతి పేదలకిచ్చిన ప్లాటు 35 చదరపు మీటర్లు, అంటే 42 గజాల దగ్గర. దాని మీద ఆయన ఇల్లంతా కట్టలేదు. అరుగు మట్టం దాకా పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, ఒక గది, అంతే. మిగతాది డబ్బు చేతికొచ్చినప్పుడు వాళ్లే కట్టుకున్నారు. ఎలా కట్టుకోవచ్చో చూపించడానికి 80 నమూనా ఇళ్లు కట్టిపెట్టారు. 1995లో దానికి ఆగాఖాన్ అవార్డు వచ్చింది, 2018లో ఆయనకి ఆర్కిటెక్టుల నోబెల్ అనదగ్గ ప్రిట్జ్‌కర్ వచ్చింది, మనం ఫేస్‌బుక్‌లో అభినందనలు పెట్టి, మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్లి పాత టైప్ ప్లానే మళ్లీ ప్రింటు తీశాం. నేనూ అంతే.

చిలీలో, ఇకీకే అనే ఊళ్లో, అరవేనా అనే ఆర్కిటెక్టు బృందం 2004 ప్రాంతంలో చేసింది ఇంకా మొండి పని. ఒక్కో కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చేది 7,500 డాలర్లు, అందులోనే స్థలం, రోడ్డు, ఇల్లు అన్నీ రావాలి. ఆ డబ్బుతో ఒక చిన్న మంచి ఇల్లు రాదు. అందుకని ఒక మంచి ఇంట్లో సగం కట్టారు. ఏ సగం? కుటుంబం సొంతంగా కట్టుకోలేని సగం. మెట్లు, బాత్‌రూమ్, వంటగది, పక్కింటితో పంచుకునే అడ్డుగోడ, బరువు మోసే చట్రం. పక్కనే అంతే ఖాళీ వదిలారు, చట్రం మధ్యలో, జనం దాన్ని వాళ్ల తాహతు కొద్దీ నింపుకున్నారు. బయటి నుంచి చూస్తే ఒకటి నీలం, ఒకటి చెక్క, ఒకటి రేకు, అందంగా ఉంటుందని నేను అనను. ఒసాకాలో 1993లో ఒక గ్యాస్ కంపెనీ కట్టించిన 18 ఇళ్ల అపార్ట్‌మెంటులో అయితే పైపులు నేలకింద ఖాళీలోంచి పోతాయి కాబట్టి వంటగదిని కూడా జరుపుకోవచ్చు. అది డబ్బున్న వాళ్ల వైభోగం, మనకి అంత అక్కర్లేదు. కానీ మూడింటిలోనూ లెక్క ఒకటే: మారనిదేదో, మారాల్సిందేదో ముందే విడదీసి పెట్టుకున్నారు. మనం రెండూ కలిపి ఒకే పోతలో పోసేస్తున్నాం.

ఇప్పుడు నా తప్పు. పదేళ్ల కిందట ఒక కమ్యూనిటీ హాలు గీశాను, చాలా ఉత్సాహంగా. పెద్ద హాలు, మధ్యలో మడత గోడ, పైనా కిందా పట్టాలు, చక్రాలు. మూస్తే రెండు చిన్న హాళ్లు, తీస్తే ఒకటి. ప్రారంభోత్సవం రోజు అందరూ వంతులవారీగా దాన్ని లాగి చూశారు, నేను వీడియో తీసుకున్నాను. రెండేళ్ల తర్వాత వెళితే సగం దాకా వచ్చి బిగుసుకుపోయి ఉంది. కింద పట్టాలో ముగ్గుపిండి, బియ్యపు గింజలు, పల్లీ తొక్కలు. ఒక బందు విరిగింది, ఆ సామాను మన ఊళ్లో దొరకదు. పైగా మూసినప్పుడు ఇటు శ్రీమంతం పాటలు అటు లెక్కల ట్యూషన్‌కి శుభ్రంగా వినిపించేవట. వాచ్‌మన్ దానికి తాడు కట్టి, తాడు మీద తుండు ఆరేసుకున్నాడు. ఆ తుండు చూశాక నాకు జ్ఞానోదయం అయింది. మారే కట్టడం అంటే కదిలే యంత్రం కాదు. రెండు వైపులా తలుపులున్న మామూలు పెద్ద గది, గోడ వెంట నాలుగు బలమైన కొక్కేలు, పక్కన సామాను పెట్టుకునే గది ఒకటి, మడత కుర్చీలు. ఇవి ఉంటే చాలు, మిగతాది జనం చూసుకుంటారు. ఆ కొక్కేలకి పరదా కడతారు, ఉయ్యాల కడతారు, ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్‌కి తడికె కడతారు.

ఫర్నిచర్ సంగతీ అంతే. పది బై తొమ్మిది గదిలో ఆరు బై ఆరు డబుల్ కాట్ వేస్తే తొంభైలో ముప్ఫై ఆరు అడుగులు అయిపోయాయి, అదీ రోజుకి ఎనిమిది గంటల పని కోసం. నవారు మంచం పొద్దున్నే గోడకి నిలబెట్టేవాళ్లం. భోషాణం అయితే లోపల బిందెలూ ఇత్తడి సామానూ, పైన మా తాతగారి పడక. బడి పిల్లలకి మనం ఇప్పటికీ కొంటున్నది బల్లా కుర్చీ కలిపి వెల్డింగ్ చేసిన ఇనుప బెంచీ, నలుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి పాఠం చెబుదామనుకున్న టీచరు దాన్ని ఈడ్చలేక ఆలోచన మానుకుంటుంది. విడి బల్ల, విడి పీట ఇస్తే ఏం పోతుంది? దొంగతనాలు జరుగుతాయని అంటారు, నాతో ఒకాయన అన్నారు కూడా. పీటలు ఎత్తుకుపోతారని పిల్లల్ని వరసల్లో బిగిస్తామా?

మన దగ్గర బాగా చేసినవీ ఉన్నాయి, అన్యాయంగా మాట్లాడకూడదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన తర్వాత కోస్తా పొడవునా తుపాను షెల్టర్లు లేచాయి. స్తంభాల మీద నిలబెట్టిన భవనం, కిందనుంచి నీళ్లు పోతాయి, పైన జనం. ఏడాదిలో మూడు రోజులో నాలుగు రోజులో పనికొచ్చే భవనం మిగతా 360 రోజులు ఏం చేయాలి? తాళం వేసి ఉంచితే, తుపాను వచ్చే రోజుకి తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియదు, తలుపులు తుప్పు పట్టి ఉంటాయి, మెట్ల కింద గేదె. బడో, అంగన్‌వాడో నడిపితే రోజూ ఊడుస్తారు, బల్బు పోతే వేస్తారు, పిల్లలకి దారి తెలిసుంటుంది. రోజువారీ వాడకమే దానికి మరమ్మతు. తర్వాత్తర్వాత కట్టినవాటికి బహుళ ప్రయోజన షెల్టర్లు అని పేరే అలా పెట్టారు, ఆ ఆలోచన చేసినవాళ్లకి దణ్ణం. గచ్చిబౌలిలో క్రీడాకారుల వసతి కోసం కట్టిన పెద్ద భవనాన్ని 2020లో కొద్ది వారాల్లో కరోనా ఆసుపత్రిగా మార్చగలిగారు. గదులుగా కట్టిన వసతి భవనం కాబట్టి కుదిరింది. అదే ఒక షాపింగ్ మాల్‌ని మార్చమంటే ఎంత తంటా పడేవాళ్లమో ఆలోచించండి. ఆ కట్టినవాళ్లు కరోనా వస్తుందని కలగనలేదు. ఎవరూ కలగనరు, అందుకే కదా ఇదంతా.

ఖాళీ స్థలాల మీద కూడా దయ ఉంచండి. వారానికోరోజు సంత జరిగే మైదానంలో మిగతా ఆరు రోజులు పిల్లల క్రికెట్, పంట రోజుల్లో మిరపకాయలు, దసరాకి నాటకం స్టేజి. అక్కడ సుందరీకరణ పేరుతో గ్రానైట్ బెంచీలు, ఫౌంటెన్, కంచె పెట్టేశాక సంత రోడ్డు మీదకి వచ్చింది, క్రికెట్ సెల్‌ఫోన్‌లోకి పోయింది. మైదానానికి కావాల్సింది రెండు వేపచెట్లు, ఒక కుళాయి, ఒక మరుగుదొడ్డి, గట్టి మట్టి, కరెంటు తీసుకునే స్తంభం ఒకటి. ప్రారంభోత్సవానికి శిలాఫలకం తగిలించడానికి గోడ ఉండదు, అదొక్కటే ఇబ్బంది.

సరే, నేను అడిగేది ఏమిటి. చాలా లేదు. షేర్‌వాల్ కడితే కట్టండి, కానీ ప్రతి ఇంట్లో హాలుకీ గదికీ మధ్య ఉన్న గోడలో ఒక నాలుగడుగుల ముక్క కాంక్రీటు పోయకుండా తలుపుకి వదిలినట్టే వదిలి, ఖాళీ మీది బరువు మోసే లింటెల్‌కి ఊచలు ముందే ఇచ్చి, ఆ ఖాళీని తేలిక ఇటుకతో నింపండి. షట్టరింగ్‌లో తలుపులకీ కిటికీలకీ ఎలాగూ బాక్సులు పెడుతున్నారు, ఇంకో బాక్సు అంతే. రేపు ఎవరికైనా రెండు గదులు ఒకటి కావాలంటే, ఒకటి రెండు కావాలంటే, ఒక పూట పని. బాత్‌రూమ్ గోడకీ అదే చేయండి. నీళ్ల పైపులన్నీ ఒకే మూలకి తెస్తే మిగతా ఇల్లంతా స్వేచ్ఛగా ఉంటుంది, పైగా పైపు ఖర్చు మీకే తగ్గుతుంది. రెండు గదులు ఉంటే ఒకటి పెద్దది, ఒకటి అగ్గిపెట్టె కాకుండా ఇంచుమించు సమానంగా గీయండి, అప్పుడు ఏది ఎవరిదో వాళ్లు మార్చుకుంటారు. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లలా సొంత స్థలంలో, 400 నుంచి 600 అడుగుల మధ్య ఎవరిది వాళ్లు కట్టుకునే చోట అయితే ఇంకా తేలిక: మెట్లు ఎటు వస్తాయో, పై గది ఎప్పటికైనా ఎక్కడ లేస్తుందో నమూనా ప్లాన్‌లోనే చుక్కల గీతతో చూపించండి. చూపించకపోయినా వాళ్లు కడతారు, మన ఊళ్లలో ఏ డాబా చూసినా పైన నాలుగు మూలలా ఊచలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి, పిల్లాడికి ఉద్యోగం వస్తే వేద్దామని ఆశతో వదిలినవి. పదేళ్లు వానకి నాని తుప్పు పట్టిన ఊచలకే కొత్త ఊచలు కట్టి పిల్లర్ లేపుతున్నారు. వాటికి సిమెంటు పాలు పూసి పలచటి కాంక్రీటు టోపీ పెట్టమని చెప్పడానికి ఎంత ఖర్చు?

ఇంకొకటి, ఇది అసలు ఖర్చే లేనిది. తాళాలతో పాటు ఒక కాగితం ఇవ్వండి. తెలుగులో, బొమ్మతో. ఏ గోడ బరువు మోస్తోంది, ఏది మోయడం లేదు, కరెంటు పైపు ఎక్కడ పోతోంది, నీళ్ల పైపు ఎక్కడ, ఏది కోయొచ్చు, ఏది ప్రాణం పోయినా ముట్టుకోకూడదు. లామినేషన్ చేసి తలుపు వెనకాల అంటించండి. వాషింగ్ మిషనుకి పుస్తకం ఇస్తారు, ఇంటికి ఇవ్వరు.

"మీరిలా సందు ఇస్తే జనం ఇష్టమొచ్చినట్టు కట్టేస్తారండీ" అంటారు, ఈ మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్క లేదు. కట్టేస్తారు. ఇప్పుడూ కడుతున్నారు, బాల్కనీకి రేకులేసి, పైపులు పోయే డక్టులోకి స్లాబు లాగి, ఎక్కడ ఊచ ఉందో తెలియక గోడలకి కన్నాలు పెట్టి. సందు ఇవ్వనందువల్లే ప్రమాదకరమైన చోట్ల కోస్తున్నారు. నవీ ముంబైలోని బేలాపూర్‌లో ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా 1980లలో ఇళ్లు కట్టినప్పుడు ఏ ఇంటికీ పక్కింటితో ఉమ్మడి గోడ లేకుండా జాగ్రత్తపడ్డారు, ఎవరి ఇల్లు వాళ్లు పెంచుకున్నా పక్కవాడి అనుమతి అక్కర్లేదని. తర్వాత అక్కడ చాలామంది ఆయన ఇళ్లని పూర్తిగా పడగొట్టి వేరేవి కట్టుకున్నారు. ఆర్కిటెక్టులు దాన్ని చూసి అయ్యో అంటారు. నాకైతే ఆ కాలనీ పని చేసినట్టే అనిపిస్తుంది, ఈర్ష్య కూడా కలుగుతుంది. నా ప్లాన్లలో ఒక్కటి కూడా జనం అంత ధైర్యంగా మార్చుకోలేదు.

డ్రాయింగులు కావాలంటే నా దగ్గర ఉన్నాయి. 365 అడుగుల ప్లాన్‌కి, 560కి, రెండింటికీ ఆ తేలిక ఇటుక ముక్క ఎక్కడ వదలొచ్చో గీసి పెట్టాను, స్ట్రక్చరల్ ఇంజినీరు స్నేహితుడితో చూపించాను కూడా. డబ్బులేమీ వద్దు, పేరూ వేయక్కర్లేదు. తీసుకుని, తప్పులుంటే తిట్టి, దిద్ది వాడుకోండి.

ఇట్లు,
మీలాంటి ఒక ఆర్కిటెక్టు

తా.క.: మొత్తం చదివే తీరిక లేకపోతే బాత్‌రూమ్ తలుపు ఒక్కటి చూడండి. అందరికీ అందుబాటు అని కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో తలుపు ఖాళీ 900 మిల్లీమీటర్లు, మన లెక్కలో సుమారు మూడడుగులు. మూడడుగులంటే చట్రంతో కలిపి కాదు, చట్రం పోగా. టేపు లోపలి అంచు నుంచి లోపలి అంచుకి పెట్టి కొలవాలి.